పాలమూరు ఫుట్‌పాత్ పంచాయితీ ఎక్కడ మొదలైంది?

మహబూబ్‌నగర్ మెయిన్ రోడ్డులో తోపుడు బండ్లు తీసేయడం, రెండు రోజులకు అవే బండ్లు అక్కడికే రావడం మళ్లీ మొదలైంది. పాత బజార్లు ఇరుకని, జనం పెరిగారని ఊళ్లో అందరికీ తెలుసు, ఆ కథ వదిలేద్దాం. ఈ గొడవకు ముడి పడింది రోడ్డు వెడల్పు పనుల దగ్గర.

జడ్చర్ల నుంచి రాయచూర్ వైపు పోయే 167వ నంబరు జాతీయ రహదారి ఊళ్లోంచే వెళ్తుంది. వెడల్పు పనుల్లో షాపుల ముందు భాగాలు పోయాయి, మధ్యలో డివైడర్ లేచింది, పక్కన మోరీ కట్టి పైన స్లాబు వేశారు. ఆ స్లాబుకే ఫుట్‌పాత్ అని పేరు. రోడ్ల కొలతల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. వ్యాపార వీధిలో అడ్డేమీ లేకుండా కనీసం 2.5 మీటర్ల వెడల్పు వదలాలి. మన దగ్గర మోరీ ఎంత లేస్తే ఫుట్‌పాత్ అంత ఎత్తు. ఒకచోట మోకాలి దాకా ఉంటుంది, పది అడుగులు పోతే షాపువాళ్ల ర్యాంపు, దాని పక్కనే కరెంటు స్తంభం. స్లాబు విరిగిన చోట ఎవరో పుణ్యాత్ములు పాత టైరు పెట్టిపోతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఆ ఫుట్‌పాత్ ఒకసారి ఎక్కి దిగిందంటే రెండోసారి రోడ్డు మీదే నడుస్తుంది.

మొదట నడిచేవాళ్లు ఫుట్‌పాత్ దిగిపోయారు. ఖాళీ జాగలోకి బైకులు ఎక్కాయి. మిగిలిన మూలల్లో బండ్లు, సీజన్లో బాలానగర్ సీతాఫలాల గంపలు చేరాయి. బండ్ల వల్లే జనం రోడ్డు మీదికి వచ్చారని, గిరాకీ దెబ్బతింటోందని షాపులవాళ్లు అంటున్నారు.

బండ్లవాళ్లు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చూపిస్తారు. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం బండ్లవాళ్లే ఉండాలి. జాగ మార్చాలన్నా 30 రోజుల నోటీసు తప్పదు. పొద్దున్నే ట్రాక్టరు తెచ్చి తక్కెడ, గొడుగు ఎత్తుకుపోవడం అందులో ఎక్కడా లేదు.

2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డులేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఇప్పుడు ఆ తీర్పును షాపులవాళ్లు బండ్ల మీదికే వాడుతున్నారు. తీర్పు బైకులకు, ర్యాంపులకు కూడా వర్తిస్తుంది కదా.

కావాల్సినవి పెద్ద ఖర్చు పనులు కూడా కావు. చౌరస్తాల్లో జీబ్రా గీతలు కొట్టడం, వాటి ముందు వెడల్పాటి స్పీడ్ బ్రేకరు వేయడం, డివైడర్ సందులో ఆగి నిలబడేందుకు కాస్త జాగ చేయడం, మూలమలుపులో బైకులు ఆపకుండా ప్లాస్టిక్ స్తంభాలు పెట్టడం. ఇంకోసారి షాపులు కొట్టి రోడ్డు పెంచే ఖర్చు ముందు ఇవెంత? చిక్కల్లా ఆఫీసులది. జాతీయ రహదారి తారు ఒకరి కింద, ఊరి మోరీలు ఇంకొకరి కింద. జీబ్రా గీత మొదలయ్యేది ఒకరి దగ్గర, తేలేది ఇంకొకరి దగ్గర. 2025 జనవరిలో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. మోరీ మీది స్లాబు ఎత్తు అయితే తగ్గలేదు. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీద ఇప్పుడు వాదన నడుస్తోంది. బైకుల మాట ఎవరూ ఎత్తడం లేదు.