వెస్ట్‌మినిస్టర్ వార్డుల వెనక ముప్పై ఆరేళ్ల కథ

2022 మే 5న లండన్ బరోలకు, అంటే నగరంలోని స్థానిక పాలనా విభాగాలకు, పోలింగ్ జరిగింది. తెల్లవారేసరికి వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఫలితం తేలిపోయింది. మొత్తం 54 స్థానాల్లో లేబర్ పార్టీకి 31, కన్జర్వేటివ్ పార్టీకి 23. ఈ బరోకు మొదటిసారి ఎన్నికలు జరిగింది 1964లో. అప్పటినుంచి ఆ రాత్రిదాకా ఒక్కసారి కూడా లేబర్ ఇక్కడ గెలవలేదు. పార్లమెంటు, బకింగ్‌హామ్ ప్యాలెస్, ప్రధాని నివాసం, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అన్నీ ఈ బరోలోనే ఉన్నాయి. అదే రాత్రి 1978 నుంచి కన్జర్వేటివ్‌ల చేతిలో ఉన్న వాండ్స్‌వర్త్, ఉత్తరాన బార్నెట్ కూడా చేజారాయి. అయినా మర్నాడు ఎక్కువ చర్చ వెస్ట్‌మినిస్టర్ మీదే నడిచింది.

అప్పటికప్పుడు కనిపించిన కారణాలకు కొదవలేదు. కోవిడ్ ఆంక్షల కాలంలో ప్రధాని కార్యాలయంలో జరిగిన విందుల గొడవ జనంలో ఇంకా చల్లారలేదు. ధరలు మండుతున్నాయి. వీటికి తోడు కౌన్సిల్ తన చేతులతో తాను కట్టుకున్న గుట్ట ఒకటి ఉంది. కోవిడ్ తర్వాత జనాన్ని మళ్లీ షాపింగ్‌కు రప్పించాలని మార్బుల్ ఆర్చ్ దగ్గర 25 మీటర్ల ఎత్తున కృత్రిమ కొండ కట్టారు. 2021 జూలై 26న తెరిచారు. టికెట్టు కొని మెట్లెక్కినవాళ్లకు ఇనప చట్రం, వాడిపోతున్న గడ్డి తప్ప చూడటానికి పెద్దగా ఏమీ దొరకలేదు. కొద్ది రోజులకే టికెట్టు ఎత్తేసి ఉచితం చేశారు. 33 లక్షల పౌండ్లనుకున్న ఖర్చు 60 లక్షలకు చేరింది. ఉప నాయకుడు రాజీనామా చేశారు. మరుసటి జనవరిలో ఆ గుట్టను మూసేశారు. ఎన్నికల ముందు ప్రతిపక్షానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఆ రాత్రి చేతులు మారిన వార్డుల పేర్లు చూస్తే, పాత సంగతులు తెలిసినవారికి మరో జాబితా గుర్తొస్తుంది. దాన్ని 1987లో ఇదే కౌన్సిల్ భవనంలో గుట్టుగా తయారు చేశారు.

ముందు అక్కడి పద్ధతి రెండు ముక్కల్లో. లండన్ బరోల్లో నాలుగేళ్లకోసారి అన్ని స్థానాలకూ ఒకేసారి ఎన్నిక జరుగుతుంది. వెస్ట్‌మినిస్టర్‌లో వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు, ఓటరుకు మూడు ఓట్లు. గాలి కొంచెం మళ్లితే వార్డులో ముగ్గురూ కొట్టుకుపోతారు, అందుకే అటూ ఇటూ ఊగే వార్డులకు అంత గిరాకీ. మన పాఠకులకు సంబంధించిన మాట ఒకటుంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, ఈ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. చదువుకోడానికి వెళ్లిన మనవాళ్లకూ ఉంది. ఇది తెలియక ఓటరుగా పేరు నమోదు చేసుకోనివారు తక్కువేం కాదు.

ఇక 1986కు వెళదాం. ఆ మే నెల ఎన్నికల్లో 60 స్థానాల వెస్ట్‌మినిస్టర్‌లో కన్జర్వేటివ్‌లకు 32, లేబర్‌కు 27 వచ్చాయి. ఒక స్వతంత్రుడు గెలిచాడు. అంతకుముందు 26గా ఉన్న ఆధిక్యం 4కు పడిపోయింది. కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్. టెస్కో దుకాణాలను స్థాపించిన జాక్ కోహెన్ కూతురు. 1983లో పీఠమెక్కారు. వీధుల శుభ్రత, పన్నుల కోత ఆమె నినాదాలు. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న రోజుల్లో ఆమె కళ్లెదుటే వెస్ట్‌మినిస్టర్ లేబర్ పరమైతే పార్టీకి అంతకన్నా తలవంపులు లేవు.

సాధారణంగా ఓడిపోతామన్న భయం పట్టుకున్న పార్టీ ఓటర్ల మనసు మార్చే దారి వెతుకుతుంది. పోర్టర్ బృందం ఓటర్లనే మార్చాలని చూసింది.

అక్కడ కౌన్సిల్ ఇళ్లంటే స్థానిక ప్రభుత్వం కట్టి, తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు. వాటిలో ఉండేవాళ్లు ఎక్కువగా లేబర్‌కు ఓటేస్తారని, సొంతిల్లు కొనుక్కున్నవాళ్లు కన్జర్వేటివ్‌ల వైపు మొగ్గుతారని పార్టీ లెక్క. 1980 నాటి గృహ చట్టం అద్దెకున్నవాళ్లే తమ ఇల్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది. పోర్టర్ పథకం అక్కడితో ఆగలేదు. ఖాళీ అయిన కౌన్సిల్ ఇంటిని క్యూలో ఉన్న పేద కుటుంబానికి ఇవ్వకుండా, కొనగలిగినవారికి రాయితీ మీద అమ్మాలి. ఏడాదికి 500 అమ్మాలి, అందులో సగం ఎంపిక చేసిన ఎనిమిది వార్డుల్లోనే. బేస్‌వాటర్, మైడా వేల్, మిల్‌బ్యాంక్ లేబర్ అంచు మీద గెలిచినవి. సెయింట్ జేమ్సెస్, విక్టోరియా, కావెండిష్ లేబర్ కొద్దిలో పోగొట్టుకున్నవి. వెస్ట్ ఎండ్‌లో స్వతంత్రుడు చొరబడ్డాడు. హామిల్టన్ టెర్రస్‌లో మూడో పార్టీ బెడద. ఈ వార్డుల్లో జనాభా తగ్గిపోతోంది, ఒత్తిడి ఎక్కువగా ఉంది, అందుకే ఎంచుకున్నాం అని బయటికి చెప్పారు. నిజంగా ఒత్తిడి ఉన్న వార్డులు వేరే అని కౌన్సిల్ లోపలి కాగితాలే తర్వాత బయటపెట్టాయి. పథకానికి పెట్టిన పేరు మాత్రం ముచ్చటైనది: స్థిరమైన సమాజాల నిర్మాణం.

ఊగే వార్డుల్లో మాత్రమే అమ్మితే చట్టవిరుద్ధమని లాయర్లు హెచ్చరించారు. దానికి దొరికిన ఉపాయం, మిగతా వార్డుల్లోనూ కొన్ని ఇళ్లు జాబితాలో చేర్చడం. అలా అమ్మకం బరో అంతా పాకింది. ఖాళీ ఫ్లాట్లలోకి ఎవరూ చొరబడకుండా తలుపులకు, కిటికీలకు ఇనప రేకులు బిగించారు. కొనేవాడు వచ్చేదాకా అవి అలాగే మూతబడి ఉండేవి. అదే సమయంలో ఇల్లు లేని కుటుంబాలు హాస్టళ్లలో పడి ఉండేవి. 1989లో అలాంటి కుటుంబాలను వందకు పైగా ఆ వార్డుల నుంచి తీసుకెళ్లి హారో రోడ్ వైపు ఎల్గిన్ ఎస్టేట్‌లోని హెర్మీస్ పాయింట్, చాంట్రీ పాయింట్ అనే రెండు టవర్లలో పెట్టారు. ఆ టవర్ల గోడల్లో ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్ ఉందని కౌన్సిల్‌కు ముందే తెలుసు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా క్షమించరానిది ఇదే. తర్వాత వాటిని కూల్చేశారు.

ఆ పక్కనే ఇంకో కథ నడిచింది. వాల్టర్టన్, ఎల్గిన్ ఎస్టేట్లను బిల్డర్లకు అమ్మేస్తారన్న కబురుతో అద్దెదారులు ఏకమయ్యారు. 1988లో థాచర్ ప్రభుత్వం ఒక గృహ చట్టం తెచ్చింది. కౌన్సిల్ నచ్చకపోతే అద్దెదారులు వేరే యజమానిని ఎంచుకోవచ్చన్నది అందులో ఒక భాగం. లేబర్ కౌన్సిళ్ల చేతుల్లోంచి ఇళ్లు లాగడానికి పనికొస్తుందని పెట్టింది అది. ఈ అద్దెదారులు దాన్నే కన్జర్వేటివ్ వెస్ట్‌మినిస్టర్ మీదికి తిప్పారు. సొంత సంస్థ పెట్టుకుని, ఓటింగ్ గెలిచి, 1992లో 921 ఇళ్లు తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు.

1987లోనే కౌన్సిల్ మూడు శ్మశానవాటికలను ఒక్కోటి 5 పెన్నీలకు, వెరసి 15 పెన్నీలకు అమ్మేసిన సంగతి కూడా ఉంది. నిర్వహణ ఖర్చు తప్పించుకోడానికట. బంధువులు సమాధుల దగ్గరికి వెళ్తే గడ్డి మోకాలు దాటి పెరిగి కనిపించేది. ఓట్ల లెక్కతో దీనికి సంబంధం లేదు కానీ, పోర్టర్ పేరు చెబితే ఇప్పటికీ కొందరికి మొదట గుర్తొచ్చేది ఇదే.

1990 మే ఎన్నికలు వచ్చాయి. దేశమంతా పోల్ ట్యాక్స్ మీద భగ్గుమంటోంది. ఇంటి విలువతో పనిలేకుండా తలకింత అని వేసిన పన్ను అది. లార్డుకైనా, ఆయన కారు డ్రైవరుకైనా దాదాపు ఒకటే. మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, అంటే వెస్ట్‌మినిస్టర్ నడిబొడ్డునే, అల్లర్లు జరిగాయి. ఇంగ్లండ్‌లో సగటు పన్ను 360 పౌండ్లు దాటితే వెస్ట్‌మినిస్టర్‌లో 195, వాండ్స్‌వర్త్‌లో 148. ప్రభుత్వం తమవాళ్ల కౌన్సిళ్లకు గ్రాంట్లు గుమ్మరించి ఆ అంకెలు తెప్పించిందని లేబర్ ఆరోపించింది. దేశమంతటా దెబ్బతిన్న కన్జర్వేటివ్‌లు ఈ రెండు చోట్లా విజృంభించారు. వెస్ట్‌మినిస్టర్‌లో 45 గెలిచి లేబర్‌ను 15కు దించారు. మరుసటి ఏడు పోర్టర్‌కు డేమ్ బిరుదు దక్కింది.

ఆ గెలుపులో ఇళ్ల అమ్మకం వాటా ఎంత? నా లెక్కలో కొంచెమే. ఏడాదికి 250 ఇళ్లు ఎనిమిది వార్డులకు పంచితే, మూడేళ్లలో అంత పెద్ద మెజారిటీని పుట్టించలేవు. 195 పౌండ్ల బిల్లు దానికి ఎన్నో రెట్లు పనిచేసి ఉంటుంది. అంటే అంత తప్పు చేయకపోయినా ఆమె గెలిచేదే.

తప్పు మాత్రం వెంటాడింది. 1989లో బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. కొందరు స్థానిక ఓటర్లు, లేబర్ కౌన్సిలర్లు జిల్లా ఆడిటర్‌కు ఫిర్యాదు చేశారు. ఆడిటర్ జాన్ మెగిల్ ఏళ్ల తరబడి కాగితాలు తవ్వి, 1996 మేలో తుది నివేదిక ఇచ్చారు. కౌన్సిల్‌కు 3 కోట్ల 16 లక్షల పౌండ్ల నష్టం జరిగింది, బాధ్యులే కట్టాలి అన్నారు. 1997లో హైకోర్టు పోర్టర్‌ను, ఆమె ఉప నాయకుడు డేవిడ్ వీక్స్‌ను తప్పుపట్టింది. 1999లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2001 డిసెంబరులో, అప్పట్లో దేశంలో అత్యున్నత న్యాయస్థానమైన లార్డుల సభ న్యాయమూర్తులు హైకోర్టు తీర్పును ఏకగ్రీవంగా మళ్లీ నిలబెట్టారు. ఇది ప్రజాధికారాన్ని తెలిసి తెలిసి, బాహాటంగా, నిజాయితీ లేకుండా దుర్వినియోగం చేయడమేనని వారిలో ఒకరైన లార్డ్ బింగమ్ రాశారు. వడ్డీలతో కలిపి మొత్తం 4 కోట్ల పౌండ్లు దాటింది. అప్పటికే ఇజ్రాయెల్ వెళ్లిపోయిన టెస్కో వారసురాలు తన దగ్గరున్నది 3 లక్షలే అన్నారు. చివరికి 2004లో కోటీ 23 లక్షలకు రాజీ కుదిరింది.

ఇప్పుడు 2022 జాబితా పక్కన పెట్టి చూడండి. వార్డుల సరిహద్దులు మధ్యలో మారాయి, పేర్లు కొన్ని పోయాయి. బేస్‌వాటర్, మైడా వేల్, వెస్ట్ ఎండ్ ముగ్గురేసి లేబర్ కౌన్సిలర్లను పంపాయి. సెయింట్ జేమ్సెస్ మాత్రం కన్జర్వేటివ్‌లతోనే ఉంది. ఒకప్పుడు అమ్ముడైన కౌన్సిల్ ఫ్లాట్లు లండన్ అంతటా చాలావరకు చేతులు మారి అద్దె ఇళ్లయ్యాయి. నెలజీతంలో పెద్ద ముక్క అద్దెకే పోసేవాళ్లు వాటిలో ఉంటున్నారు. ఇల్లు అమ్మితే ఓటు మనదే అన్న లెక్కలో కొన్నవాడు ఎల్లకాలం అక్కడే ఉంటాడన్న ఊహ ఒకటి దాగి ఉంది. ఆ ఊహే తప్పింది. అన్నట్టు, 1987లో లేబర్ పక్ష నాయకుడిగా పోర్టర్‌తో తలపడిన పాల్ డిమోల్డెన్‌బర్గ్ 2022లో హైడ్ పార్క్ వార్డు నుంచి గెలిచి మొదటిసారి అధికార పక్షంలో కూర్చున్నారు. కుర్రకారుకు ఆయన్ని పరిచయం చేయాలంటే యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న అమీలియా డిమోల్డెన్‌బర్గ్ వాళ్ల నాన్న అనాలి.

తప్పు చేసిన కౌన్సిలర్ జేబులోంచి నష్టం కక్కించే ఆ నిబంధనను ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం తీసేసింది. జిల్లా ఆడిటర్ల వ్యవస్థకు తలకాయగా ఉన్న ఆడిట్ కమిషన్ 2015 మార్చి 31న మూతపడింది. ఇప్పుడు కౌన్సిళ్ల లెక్కలు చూసేది ప్రైవేటు ఆడిట్ సంస్థలు. స్థానిక ఓటరు ఆ లెక్కలపై ఆడిటర్‌కు అభ్యంతరం చెప్పుకునే హక్కు మాత్రం చట్టంలో మిగిలింది. ఓటరు జాబితాలో పేరుంటే చాలు, భారత పాస్‌పోర్టు ఉన్నవారికైనా అది వర్తిస్తుంది.