పిల్లి కాన్పు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను పెట్ క్లినిక్ నడిపే వెటర్నరీ డాక్టర్ని. రాత్రిపూట వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి, "డాక్టర్ గారూ, మా పిల్లి పొద్దున్నుంచి నొప్పులు పడుతోంది, పిల్ల రావట్లేదు" అని. ఇంతసేపు ఎందుకు ఆగారండీ అంటే కింద రాసినవాటిల్లో ఏదో ఒకటి చెప్తారు.

అపోహ: పిల్లి కదా, దానంతట అదే ఈనేస్తుంది.

వాస్తవం: వీధి పిల్లుల విషయంలో చాలావరకు నిజమే. కానీ మూతి చప్పిడిగా, తల గుండ్రంగా ఉండే పర్షియన్లకి కష్టం ఎక్కువ, బాగా లావెక్కినవాటికీ అంతే, ఎప్పుడో బాల్కనీ మీంచి పడి నడుం ఎముక విరిగి అతుక్కున్న పిల్లికైతే దారే ఇరుకైపోతుంది. కడుపులో ఒక్కటే పిల్ల ఉన్నా అది బాగా పెరిగి అడ్డుపడొచ్చు. గర్భం 55 రోజులు దాటాక ఒక ఎక్స్‌రే తీయిస్తే ఎన్ని పిల్లలో తెలిసిపోతుంది, అప్పుడు "లోపల ఇంకోటి ఉండిపోయిందా" అనే టెన్షన్ ఉండదు.

అపోహ: నొప్పులు ఎంతసేపైనా ఉండొచ్చు, ఓపిక పట్టాలి.

వాస్తవం: ఏ నొప్పులన్నది ముఖ్యం. మొదట తిండి మానేసి, బీరువా వెనకా మంచం కిందా చోటు వెతుక్కుంటూ, గుర్రుగుర్రుమంటూ తిరుగుతుంది, ఇది 12 గంటలు, తొలి కాన్పైతే ఒక్కోసారి 24 గంటల దాకా సాగుతుంది, కంగారు లేదు. తర్వాత ముక్కడం మొదలవుతుంది, పొట్ట బిగుసుకోవడం కంటికే కనిపిస్తుంది. అక్కడ్నుంచి ఫోన్లో టైమ్ చూసుకోండి. ఆపకుండా గట్టిగా 20-30 నిమిషాలు ముక్కినా పిల్ల రాకపోతే బయల్దేరాలి. పిల్ల కొంచెం బయటికి కనిపించి 10 నిమిషాలు అలాగే ఇరుక్కున్నా అంతే. ఒక్క పిల్లా పుట్టకముందే నల్లగానో ఆకుపచ్చగానో కారినా, ఎర్రటి రక్తం ఆగకపోయినా, తల్లి సోలిపోయినా అసలు టైమే చూడొద్దు.

అపోహ: కాళ్ళు ముందొస్తే అడ్డం తిరిగినట్టే, లాగేయాలి.

వాస్తవం: పిల్లుల్లో పదికి నాలుగు దాకా వెనక కాళ్ళతోనే పుడతాయి, మామూలే. కాళ్ళు కడుపు కిందికి ముడుచుకుని తోకా పిర్రలే ముందొస్తే అప్పుడు ఇబ్బంది. మొన్నామధ్య ఒక పర్షియన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చారు, బయటికి కనిపిస్తున్నది తోక ఒక్కటే, ఎండిపోయి తాడులా ఉంది, తోక మొదలు దగ్గర చర్మం కమిలింది, అంటే ఇంట్లో ఎవరో లాగి చూశారన్నమాట. సిజేరియన్ చేశాం, ఆ పిల్ల దక్కలేదు, వెనకున్న మూడూ దక్కాయి. తోకో కాలో పట్టుకుని లాగొద్దు. సగం పైగా బయటికొచ్చి ఆగితే, శుభ్రమైన తడిగుడ్డతో ఒంటిని పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే మెల్లగా తల్లి కాళ్ళవైపు కిందికి లాగండి, రాకపోతే వదిలేసి రండి.

అపోహ: మెడికల్ షాపులో ఆక్సిటోసిన్ తెచ్చి వేస్తే పిల్ల వచ్చేస్తుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే మందే ఇది, అందుకే అందరికీ అలుసు. పిల్ల అడ్డుపడి ఉన్నప్పుడు ఇది వేస్తే గర్భసంచి మూసిన దారి మీద నొక్కుతుంది, చిరిగిపోవచ్చు, తల్లీ పిల్లలూ అందరూ పోవచ్చు. పిల్లికి మేమిచ్చే డోసు చాలా చిన్నది, అదీ అడ్డం ఏమీ లేదని స్కాన్‌లోనో ఎక్స్‌రేలోనో చూశాకే.

అపోహ: రెండు పుట్టి ఆగిపోయిందంటే మిగతావి చనిపోయినట్టే.

వాస్తవం: తల్లి ప్రశాంతంగా పడుకుని పుట్టినవాటికి పాలిస్తూ, తింటూ తాగుతూ ఉంటే అది రెస్ట్ తీసుకుంటోంది, ఒక్కోసారి 24 గంటల తర్వాత కూడా మిగతావి బతికే పుడతాయి. వీధిలో పిల్లలందరూ వచ్చి చుట్టూ కూర్చుంటే కూడా ఆపేస్తుంది, ఊరికే ఏడిళ్ళు తిప్పుతుందా! అయితే ముక్కుతూ ఆగిపోతే మాత్రం రెస్ట్ కాదు, తీసుకురండి.

ఇంకో రెండు త్వరగా చెప్పేస్తా. డెట్టాల్‌తో తుడవొద్దు, పిల్లి నాకి విషం ఎక్కుతుంది. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వేయొద్దు, పిల్లికి సగం మాత్ర కూడా ప్రాణం తీస్తుంది.

అపోహ: సిజేరియన్‌లో గర్భసంచి తీసేస్తే పాలు రావు.

వాస్తవం: వస్తాయి, పాలకి గర్భసంచితో పనిలేదు. మత్తు పూర్తిగా దిగేదాకా పిల్లల్ని తల్లి దగ్గర ఒంటరిగా వదలకండి, వెచ్చగా ఉంచండి. పుట్టినప్పుడు పిల్ల దాదాపు 100 గ్రాములుంటుంది, వంటింటి త్రాసులో రోజూ తూచండి, రోజుకి 10 గ్రాములన్నా పెరగాలి. పెరగకపోతే ఆవుపాలు పట్టేముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.