కొత్త వంగడానికి అన్నేళ్లెందుకు? ఉమ్మెత్తతో మొదలైన అడ్డదారి కథ

ఎండాకు తెగులు కనిపించిన ప్రతి వానాకాలం, సాగర్ ఎడమ కాలువ కింద రైతులు కొత్త విత్తనం ఎప్పుడొస్తుందని అడుగుతారు. మిర్యాలగూడ మిల్లర్లు ఇష్టపడే సాంబ మసూరి 1986 నాటిది. ఆ తెగులును తట్టుకునే మెరుగైన రకం 2008లో గానీ రాలేదు.

రెండు రకాలను సంకరం చేస్తే రెండో తరంలో మొక్కలు తలా ఒక తీరుగా వస్తాయి. గుణాలు స్థిరపడేదాకా ఆరేడు తరాలు ఏరుకుంటూ పోవాలి. ఏడాదికి ఒకే పంట పండే గోధుమలో ఇది మరీ కష్టం.

ఈ తరాలను దాటేసే దారి మన దేశంలోనే దొరికింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పుప్పొడి తిత్తుల్ని పోషకాల్లో పెంచుతుంటే, పుప్పొడి నుంచే పిండాలు పుట్టాయి. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. 1968లో జపాన్ వాళ్లు వరిలో సాధించారు. 1970ల మొదట్లో చైనా, ఫ్రాన్స్ గోధుమలో చేసి చూపాయి. 1980ల్లో ఫ్రాన్స్‌లో 'ఫ్లోరిన్' అనే గోధుమ రకం ఈ పద్ధతిలోనే వచ్చింది.

గోధుమ పొట్ట దశలో ఉండగానే వెన్ను కోసి కొన్నాళ్లు చలిలో ఉంచుతారు. ఒక తిత్తిని నలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. పుప్పొడి రేణువులో ఇంకా ఒకే కేంద్రకం ఉండాలి, ఆ దశ దాటితే ఫలితం ఉండదు. మిగతా తిత్తుల్ని పట్టకారుతో తీసి పోషకాల జెల్లీ మీద పేరుస్తారు. గోధుమకు 42 క్రోమోజోములు, ఇలా పుట్టిన మొక్కకు 21. అలాగే వదిలేస్తే గింజ కట్టదు. అందుకే కాల్చిసిన్ అనే మందుతో క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తారు. మనకు తెలిసిన అడవినాభి దుంపలోనూ ఈ మందే ఉంటుంది. ఇలా రెట్టింపైన రెండు జతలూ అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక్క తరంలోనే గుణాలు స్థిరపడతాయి. బయటి జన్యువేదీ చేరదు కాబట్టి ఇది జన్యుమార్పిడి (జీఎం) పంట కాదు. రైతు గింజ దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

చిక్కులూ ఉన్నాయి. చాలా మొలకలు పచ్చదనం లేకుండా తెల్లగా పుట్టి చచ్చిపోతాయి. కొన్ని రకాలైతే అసలు లొంగవు. అందుకే 1980ల చివర్లో గోధుమ పువ్వుకు మొక్కజొన్న పుప్పొడి వేసే పద్ధతి వచ్చింది. మొక్కజొన్న క్రోమోజోములు వాటంతటవే రాలిపోయి, గోధుమ క్రోమోజోముల్లో సగం మాత్రం మిగులుతాయి. ఇప్పుడు చాలాచోట్ల దీన్నే వాడుతున్నారు. మనం పండించే ఇండికా వరి తిత్తుల పద్ధతికి బాగా మొండి. ఇక్కడ వరి విత్తనానికి ఈ దారి అంతగా అక్కరకు రాకపోవడానికి అదొక పెద్ద కారణం.

పాలమూరు మొక్కజొన్న సంగతి వేరు. మొక్కజొన్న కోసం 2021లో కర్ణాటకలోని కునిగల్‌లో ప్రత్యేక కేంద్రం మొదలైంది, అక్కడి పద్ధతి వేరు. అయితే ఏ దారిలో వచ్చిన రకమైనా, మన నేలల్లో కొన్ని సీజన్లు వేసి చూశాకే రైతుకు ఇవ్వాలి. ఆ పరీక్షల కాలాన్ని ల్యాబు తగ్గించలేదు.