గేర్‌బాక్స్ మీద పడే భారం టైరు చేతిలో

బరువు 600 కిలోలు, ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 400 న్యూటన్ మీటర్లు. ఇలాంటి కారుకు మాన్యువల్ గేర్‌బాక్స్ వెతికేవాళ్లు మొదట చూసేది అది ఎంత టార్క్ తట్టుకుంటుందన్న అంకె. అది ఇంజిన్ టార్క్ కంటే తక్కువైతే ఇక దాని జోలికే పోరు. బరువైన కారుకు ఆ జాగ్రత్త సరైనదే. తేలిక కారులో మాత్రం గేర్ల పళ్ల మీద ఎంత భారం పడాలో తేల్చేది చాలావరకు టైరే.

లెక్క వేసి చూద్దాం. కారు ముందుకు దూకేటప్పుడు వెనక చక్రాల మీద 400 కిలోలు పడ్డాయనుకుందాం. మంచి రోడ్డు టైరు దాదాపు తన మీదున్న బరువంత బలంతో నేలను పట్టుకుంటుంది, అంటే సుమారు 3,900 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లయితే వెనక ఇరుసు దగ్గర 1,180 న్యూటన్ మీటర్లకు మించి పట్టు దొరకదు. గేర్ నిష్పత్తి అంటే గేరు అవతలి వైపు ఒక్క చుట్టు తిరగడానికి ఇవతల ఎన్ని చుట్లు కావాలో చెప్పే అంకె. ఆ పట్టును వెనక ఇరుసు దగ్గరుండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ నిష్పత్తి 3.9తో, ఫస్ట్ గేర్ నిష్పత్తి 3తో భాగిస్తే గేర్‌బాక్స్‌లోకి వచ్చే టార్క్‌కు మిగిలేది 100 న్యూటన్ మీటర్లే. ఇంజిన్ అంతకు మించి తోస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. నిష్పత్తి 1 ఉండే నాలుగో గేర్‌లో కూడా ఈ హద్దు 300 దగ్గరే. అదే వెనక 1,000 కిలోలు పడే కారైతే ఫస్ట్ గేర్‌లోనే 250 దాకా గేర్ల మీద పడుతుంది.

అలాగని బలహీనమైన గేర్‌బాక్స్ ఏదైనా చాలని కాదు. ఇంజిన్‌ను పైకి రేపి క్లచ్‌ను టక్కున వదిలితే ఫ్లైవీల్‌లో (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రంలో) ఉన్న శక్తంతా ఒక్క దెబ్బగా పళ్ల మీద పడుతుంది. గాళ్లు లేకుండా ఎక్కువ పట్టు ఇచ్చే రేసింగ్ స్లిక్ టైర్లు వేస్తే పై లెక్క కూడా మారిపోతుంది.

నన్నడిగితే, నిష్పత్తులు ఇంతకంటే ముఖ్యం. ఫోర్డ్ సియెర్రా అనే కుటుంబ కారులో వచ్చిన టైప్ 9 ఐదు గేర్ల బాక్స్‌ను కేటర్‌హామ్ సెవెన్ అనే ఓపెన్ స్పోర్ట్స్ కారు లాంటి తేలిక కార్లలో చాలాకాలం వాడారు. దాని ఫస్ట్ గేర్ 3.65, సెకండ్ 1.97. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కదలడానికి అంత పెద్ద ఫస్ట్ గేర్ నిష్పత్తి కావాలి. తేలిక కారులో అది గంటకు 55 కిలోమీటర్లకే ఇంజిన్‌ను దాదాపు 7,000 ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్లకు) చేరుస్తుంది. సెకండ్ వేయగానే ఇంజిన్ 3,800కి పడిపోతుంది. పై ఆర్‌పీఎంలోనే బలమున్న ఇంజిన్‌కు ఇది పెద్ద దెబ్బ. అందుకే చాలామంది ఫస్ట్ గేర్ నిష్పత్తి తగ్గించే కిట్లు వేయించుకున్నారు. ఫస్ట్ 2.66 అయితే అదే ఆర్‌పీఎంకు 76 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఇక 0.5 లాంటి ఆరో గేర్ బోనస్ అనుకుంటాం గానీ, గాలిని చీల్చుకుపోలేని ఓపెన్ కారుకు దానితో పెద్దగా పని పడదు.

950 న్యూటన్ మీటర్లు తట్టుకునే ట్రెమెక్ టీ56 మ్యాగ్నమ్ గేర్‌బాక్స్ 60 కిలోలు దాటుతుంది. పాత టీ5 గేర్‌బాక్స్ దాదాపు 34 కిలోలే, తట్టుకునేది రకాన్ని బట్టి సుమారు 400 న్యూటన్ మీటర్లు. ఆరొందల కిలోల కారులో పాతిక కిలోల తేడా చిన్నది కాదు. పైగా పెద్ద గేర్లకు, పెద్ద క్లచ్ ప్లేటుకు జడత్వం ఎక్కువ. గేరు మార్చినప్పుడల్లా వాటి వేగాన్ని సరిచేయాల్సింది, రాపిడితో గేర్ల వేగాలను సమం చేసే చిన్న సింక్రోనైజర్ రింగులే. ఆ పని వేగాల తేడా వర్గంతో పెరుగుతుంది కాబట్టి, బరువైన బాక్స్ పై ఆర్‌పీఎంలో గేరు మార్చేటప్పుడు మొరాయిస్తుంది. తేలికైన క్లచ్ ప్లేటు వేస్తే కొంత నయం. సింక్రోలే లేకుండా పెద్ద పళ్లతో నేరుగా పట్టుకునే డాగ్ గేర్లు చటుక్కున పడతాయి, కానీ ట్రాఫిక్‌లో ఆ చప్పుడు, కుదుపు భరించడం కష్టం.

డబ్బు కట్టేముందు టనెల్ (సీట్ల మధ్య గేర్‌బాక్స్ కూర్చునే పైకి లేచిన భాగం) వెడల్పు కొలవాలి. సెవెన్ తరహా కార్లలో పెడళ్ల చోటు ఇరుకు, గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పి ఉంచే క్లచ్ హౌసింగ్ సరిగ్గా దాని పక్కనే వస్తుంది. పెద్ద బాక్స్ కోసం టనెల్‌ను వెడల్పు చేస్తే తగ్గేది పాదాలు పెట్టుకునే చోటే. అప్పుడు బ్రేక్ తొక్కబోయిన బూటు పక్క పెడల్‌కు కూడా తగులుతుంది.