సూర్యుణ్ని జరపలేక చీకట్లోకి వెళ్లినవాడు

ఆరుబయట రాత్రి సినిమా. జనం కార్లలోనే కూర్చుని చూస్తున్నారు. తెర మీద ఒక జెట్ విమానం. వెనక పట్టాల మీద తెల్లటి తోక వదులుకుంటూ బొగ్గింజను దూసుకుపోతోంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

1956 ఆగస్టు 2న అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని యేగర్ అనే ఊళ్లో ఓ. విన్‌స్టన్ లింక్ తీసిన నలుపు తెలుపు ఫొటో ఇది. లింక్ సివిల్ ఇంజనీరింగ్ చదివి ఫొటోగ్రాఫర్ అయ్యాడు. అక్కడి పెద్ద రైల్వేలన్నీ డీజిల్‌కి మారిపోతుంటే, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ కంపెనీ ఇంకా బొగ్గింజన్లే నడుపుతోంది. 1955 నుంచి 1960 దాకా, సొంత ఖర్చుతో వాటి వెంట తిరిగాడు. ఎక్కువగా రాత్రిపూటే. సూర్యుణ్ని జరపలేను, పట్టాల్నీ జరపలేను, కాబట్టి వెలుగు నేనే పెట్టుకుంటాను అన్నది ఆయన లెక్క.

మనవాళ్లు పొగబండి అన్నారు గానీ, ఆ ఫొటోల్లో తెల్లగా మెరిసేది పొగ కాదు, నీళ్లు. అసలైన నీటి ఆవిరి కంటికి కనిపించదు. గొట్టంలోంచి బయటికొచ్చి చల్లగాలి తగిలాక సన్నటి తుంపరవుతుంది, అప్పుడే కనిపిస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీస్తే లేచేదీ ఇదే. ఆ తుంపర అన్ని రంగుల కాంతినీ దాదాపు సమానంగా చెదరగొడుతుంది కాబట్టి తెలుపు. పగలు మబ్బు పట్టిన ఆకాశం ముందు ఆ తెలుపు కలిసిపోతుంది. రాత్రి వెనకంతా నలుపే కనుక ఒక్కో సుడీ విడిగా తేలుతుంది. మరి నల్లటి ఇంజను చీకట్లో కలిసిపోదా? వెలుగు పక్కనుంచి పడితే కలవదు. నూనె పట్టిన ఉక్కు కడ్డీల అంచులు, చక్రాల కమ్ములు మెరుస్తాయి. నలుపు తెలుపే ఎందుకంటారా? బొగ్గు, ఉక్కు, ఆవిరి: వీటిలో రంగు పెద్దగా లేదు. పైగా అప్పటి కోడాక్రోమ్ రంగు ఫిల్ము వేగం, అంటే వెలుగును పట్టుకునే చురుకుదనం, 10 మాత్రమే. నలుపు తెలుపు ఫిల్ములు దానికంటే ఎన్నో రెట్లు చురుకు.

అప్పటి ఫ్లాష్ బల్బు ఒక బుల్లి కొలిమి. గాజు బుడ్డిలో ఆక్సిజన్, సన్నటి లోహపు పీచు. కరెంటు తగలగానే భగ్గున మండి, కన్ను ఆర్పేలోపు అయిపోతుంది. తర్వాత పారెయ్యడమే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే కెమెరా దగ్గర ఒక్కటి పెడితే చాలదు. యేగర్‌లో 40కి పైగా బల్బులు ఒకేసారి వెలిగాయి.

వాటిని సిరీస్‌లో కలిపేవాడు. వినాయక చవితి పందిట్లో పాత సీరియల్ సెట్లు గుర్తున్నాయా, ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోయేది? ఇదీ అంతే. గంటల తరబడి తీగలు లాగి, రైలొచ్చిన క్షణంలో ఒకే ఒక్క నొక్కు. ఆ టెన్షన్ తల్చుకుంటే నాకే చేతులు చెమటలు పడతాయి. గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు సెకనులో నూరో వంతు కాలానికే 25 సెంటీమీటర్లు జరిగిపోతుంది మరి.

అన్ని బల్బులు ఒక్కసారి వెలిగేసరికి యేగర్‌లో సినిమా తెర నిజంగానే తెల్లబోయింది. లింక్ విమానం బొమ్మను వేరే నెగెటివ్ నుంచి తెచ్చి, ప్రింటు వేసేటప్పుడు తెర మీద అతికించాడు. నా దృష్టిలో ఇది మోసం కాదు. ఆ రాత్రి కార్లలో కూర్చున్నవాళ్లు చూసింది సినిమానే, తెల్ల గుడ్డని కాదు.