ప్రిన్సిపాల్ హద్దు, పోలీసు హద్దు: గోదావరి డెల్టా విశ్వవిద్యాలయాల భద్రతకు వెనుక కథ

గోదావరి డెల్టాలోని ఏదైనా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కొట్లాటో, విద్యార్థినిపై వేధింపో బయటపడగానే ప్రాంగణంలో పోలీసు ఔట్‌పోస్టు పెట్టాలన్న డిమాండు వస్తుంది. చదువుల చోటికి ఖాకీలు రాకూడదన్న అభ్యంతరమూ దాని వెంటే వస్తుంది. గేటు దగ్గర నిలబడే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుకు అధికారం లేదు, అధికారం ఉన్న ఎస్సై ఠాణాలో ఉంటారు, ఆ ఇద్దరి నడుమ వార్డెన్, ప్రిన్సిపాల్, ర్యాగింగ్ నిరోధక కమిటీ, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటాయి. ఈ ఏర్పాటును ఎవరూ ఒకచోట కూర్చుని ఆలోచించి రూపొందించలేదు. నూరేళ్లకు పైగా ఒక్కో సంఘటన తరువాత ఒక్కో పొర చేరుతూ వచ్చింది. అందులో చాలా పొరలకు కారణమైన సంఘటనలు డెల్టాకు బయట జరిగినవి.

అయితే మొదటి సంఘటనలు మాత్రం ఇక్కడివే. 1907 ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి వెళ్లిన తరువాత విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వారిపై చర్య తీసుకున్నారు, ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. అక్కడ పోలీసుల అవసరమే రాలేదు, ప్రిన్సిపాల్ సంతకం సరిపోయింది. మే నెలాఖరులో కాకినాడలో జరిగినది వేరు. వీధిలో వందేమాతరం అన్న ఒక విద్యార్థిని జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ కొట్టడంతో జనం తిరగబడి దొరల క్లబ్బుపై దాడి చేశారు, అది పోలీసు కేసులుగా, విచారణలుగా మారింది. కళాశాల లోపలి క్రమశిక్షణ ప్రిన్సిపాల్‌ది, ప్రహరీ దాటాక జరిగేది పోలీసులది అన్న విభజన ఆ రెండు నెలల్లో ఎంత స్పష్టంగా కనిపించిందో, ఈనాటికీ మన విద్యాసంస్థలు దాదాపు ఆ గీత మీదనే నడుస్తున్నాయి. ఆ ప్రిన్సిపాలూ, ఆ పోలీసూ అప్పట్లో ఒకే ప్రభుత్వానికి పనిచేసినవారు కావడం వల్ల, విద్యార్థులకు రక్షణ అన్న ఆలోచన ఆ విభజనలో ఎక్కడా లేదు.

స్వాతంత్ర్యం వచ్చినా పోలీసుల మీద విద్యార్థులకున్న అనుమానం పోలేదు. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం సాగినప్పుడు కోస్తా కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి, విద్యార్థులు పోలీసులను ఎదురుగా చూసిందే తప్ప పక్కన చూసింది లేదు. ఉపకులపతి అనుమతి లేకుండా పోలీసులు ప్రాంగణంలోకి రాకూడదన్న నమ్మకం అటువంటి అనుభవాల నుంచే బలపడింది. నిజానికి అది సంప్రదాయమే కాని చట్టం కాదు. వారెంటు అవసరం లేని నేరం జరిగితే విశ్వవిద్యాలయమైనా, సంత అయినా పోలీసులకు ఒకటే. ఈ సంగతి విద్యార్థి నాయకులకే కాదు, కొందరు ఆచార్యులకు కూడా వినడానికి ఇష్టముండదు.

డెల్టాకు ఉన్న మరో ప్రత్యేకత ఏమిటంటే, ఇక్కడ కళాశాలలు ఎంత పాతవో విశ్వవిద్యాలయాలు అంత కొత్తవి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకే ఉభయ గోదావరి జిల్లాల కళాశాలలు దశాబ్దాల పాటు అనుబంధంగా ఉన్నాయి. కాకినాడ, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరాల్లో దాని పీజీ కేంద్రాలు ఉండేవి. రాజానగరం దగ్గర ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది 2006లో. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడింది. 1946లో మొదలై ఆ తరువాత జేఎన్‌టీయూలో భాగమైన కాకినాడ ఇంజినీరింగ్ కళాశాల 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ 2015లో వచ్చింది. వేలమంది ఒకేచోట నివసించే పెద్ద ప్రాంగణం ఇక్కడ చాలాకాలం లేదు కాబట్టి దానికి తగిన కాపలా గురించి ఎవరూ ఆలోచించలేదు. చదువుకునేవారిలో చాలామంది ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చిపోయేవారు, లేదా పట్టణంలో గదులు అద్దెకు తీసుకునేవారు, ప్రైవేటు హాస్టళ్లలో ఉండేవారు.

ప్రాంగణ భద్రత చట్టం రూపంలో వచ్చింది ర్యాగింగ్ వల్ల. 1996లో తమిళనాడులో ఒక వైద్య విద్యార్థి హత్య దేశాన్ని కుదిపిన తరువాత, 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టాన్ని చేసింది. అవమానించడం, ఏడిపించడం వంటి వాటికి ఆరు నెలల జైలు లేదా 1,000 రూపాయల జరిమానాతో మొదలై, మరణానికో ఆత్మహత్యకో దారితీస్తే యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా దాకా అందులో మెట్లున్నాయి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థాధిపతిని నేరానికి సహకరించినవాడిగా పరిగణించాలన్న నిబంధన అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రిన్సిపాల్ గీతను శాసనసభ తొలిసారి దాటింది అక్కడే. అయినా చాలా కళాశాలల్లో ఫిర్యాదులు ఠాణాకు వెళ్లక ముందే తల్లిదండ్రులను పిలిపించి, క్షమాపణ పత్రం రాయించి సర్దుబాటు చేసే అలవాటు కొనసాగింది. కేసు పెడితే కుర్రవాడి భవిష్యత్తు పోతుందన్న మాట చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఆ కుర్రవాడి చేతిలో నలిగినవాడి భవిష్యత్తు గురించి అడిగేవారు తక్కువ.

ఆ అలవాటును ఛేదించడానికే సుప్రీంకోర్టు సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె. రాఘవన్ నాయకత్వంలోని కమిటీ సిఫారసులను 2007లో అమలు చేయమంది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో మరో వైద్య విద్యార్థి మరణించాక విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఆ ఏడాదే నిబంధనలు తెచ్చింది. సమాచారం అందిన 24 గంటల్లో సంస్థాధిపతి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించాలి, రాత్రిపూట హాస్టళ్లను తనిఖీ చేసే స్క్వాడ్లు ఉండాలి, విద్యార్థి, తల్లిదండ్రులు అఫిడవిట్ ఇవ్వాలి.

2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న విద్యార్థిని ఆత్మహత్య చేసుకోవడంతో రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీని వేసింది. నిబంధనలు ఉన్నంత మాత్రాన వార్డెన్, కమిటీ, ప్రిన్సిపాల్ కదలరన్న సంగతి కృష్ణకు అవతల జరిగిన ఆ మరణంతో డెల్టా కళాశాలలకూ తెలిసివచ్చింది. అదే ఏడాది యూజీసీ ఇచ్చిన భద్రతా మార్గదర్శకాల్లో ప్రహరీలు, సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ హాజరుతో పాటు ప్రాంగణంలోనే పోలీసు స్టేషన్ అన్న సూచన కూడా ఉంది. కంచెలూ కెమెరాలూ భద్రత పేరుతో విద్యార్థినుల రాకపోకల మీద నిఘాగా మారతాయని ఢిల్లీలో విద్యార్థినులు వ్యతిరేకించారు. ఆ అభ్యంతరంలో బలముందని నా అభిప్రాయం, ఎందుకంటే హాస్టల్ గేటు తొందరగా మూసినంత మాత్రాన దారిలో వేధించేవాడు తొందరగా ఇంటికి పోడు.

ప్రాంగణ పోలీసు అన్న వ్యవస్థ అమెరికాలో పాతది. 1894లో న్యూహేవెన్ నగర పోలీసుల్లో ఇద్దరిని యేల్ విశ్వవిద్యాలయానికి కేటాయించడం అక్కడ దానికి మొదలు. ఇప్పుడు అక్కడ చాలా విశ్వవిద్యాలయాలకు అరెస్టు అధికారమున్న సొంత పోలీసు శాఖలున్నాయి, ప్రాంగణంలో జరిగిన నేరాల లెక్కలను ఏటా ప్రచురించాలని 1990 నాటి చట్టం శాసిస్తుంది. మన రాజ్యాంగంలో పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోనిది, విశ్వవిద్యాలయానికి సొంతంగా పోలీసులను నియమించుకునే అధికారం లేదు. ఇక్కడి గార్డులు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కిందికి వస్తారు. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం వారి శిక్షణ తరగతి గదిలో 100 గంటలు, క్షేత్రంలో 60 గంటలు. అరెస్టు విషయంలో వారికున్న హక్కు దారిన పోయే ఎవరికైనా ఉన్నదే: కళ్లెదుట తీవ్రమైన నేరం జరిగితే పట్టుకుని పోలీసులకు అప్పగించవచ్చు. అంతకు మించి చేస్తే గార్డు మీదే కేసు అవుతుంది. ఔట్‌సోర్సింగ్ జీతానికి పన్నెండు గంటలు నిలబడే మనిషి నుంచి ఇంతకంటే ఆశించడం న్యాయం కాదు.

పోలీసు యంత్రాంగమే విద్యార్థినుల దగ్గరకు రావాలన్న ప్రయత్నానికి డెల్టా ఒకసారి వేదికైంది. 2019 డిసెంబరు 13న శాసనసభ మహిళలపై నేరాలకు సంబంధించిన దిశ బిల్లును ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అన్నది దాని లక్ష్యం. 2020 ఫిబ్రవరి 8న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి తొలి దిశ పోలీసు స్టేషన్‌ను రాజమహేంద్రవరంలోనే ప్రారంభించారు, దిశ యాప్‌ను నన్నయ విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో విడుదల చేశారు. రాష్ట్రపతి ఆమోదం రాకపోవడంతో బిల్లు చట్టం కాలేదు, యాప్ మాత్రం ఫోన్లలోకి వెళ్లింది. ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. పేర్లు మారుతున్నా మీట నొక్కగానే వచ్చే వాహనం స్థానిక ఠాణాదే కనుక, ఆ ఠాణాలో ఎంతమంది సిబ్బంది ఉన్నారన్నదే అసలు లెక్క.

ఇటీవలి పొర మత్తు పదార్థాలది. ఏజెన్సీ నుంచి మైదానానికి గంజాయి దిగివచ్చే దారులు డెల్టా పట్టణాలకు దూరం కావు. రాష్ట్రం 2024 నవంబరులో మత్తు పదార్థాలను అరికట్టే ఈగల్ అన్న పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసి 1972 నంబరుతో హెల్ప్‌లైన్ పెట్టింది, విద్యాసంస్థల్లో ఈగల్ క్లబ్బులు మొదలుపెట్టింది. ప్రాంగణంలో పోలీసులు వద్దనే తల్లిదండ్రులు కూడా గంజాయి మాట వచ్చేసరికి మెత్తబడటం ఈ ఐదారేళ్లలో వచ్చిన మార్పు.

ఇక 2025 జూలైలో కాకినాడలోని ఒక వైద్య కళాశాలలో ప్రయోగశాల సిబ్బంది తమను వేధిస్తున్నారని పారామెడికల్ విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. విచారణ, సస్పెన్షన్ల దాకా వెళ్లిన ఆ ఉదంతంలో ప్రమాదం గేటు బయట లేదు, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపి లోపలికి వచ్చినవారి నుంచే వచ్చింది. ఔట్‌పోస్టు ఉన్నా అక్కడ దారి అంతర్గత కమిటీ గుండానే తెరుచుకోవాలి.

దీనికి తిరగేసిన సమస్య బస్సుది. రావులపాలెంలోనో తాడేపల్లిగూడెంలోనో బస్సెక్కి రాజమహేంద్రవరం వచ్చే విద్యార్థిని దారిలో ఒక ఎస్పీ పరిధి నుంచి మరో ఎస్పీ పరిధిలోకి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటుంది, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలంటుంది. కళాశాలల నోటీసు బోర్డుల మీద ర్యాగింగ్ శిక్షల పట్టిక ఉన్నట్లు ఈ సెక్షన్ సంగతి కూడా ఉండాలి. పట్టణంలోని ప్రైవేటు హాస్టళ్లలో రాత్రి కాపలా ఎవరు పెట్టాలో, ఎవరు తనిఖీ చేయాలో కూడా తేలాలి, ఎందుకంటే వాటి విషయంలో విశ్వవిద్యాలయం తన హద్దు కాదంటుంది, పోలీసులు ఫిర్యాదు రాలేదంటారు.