రాజాం నుంచి ఆలస్యంగా వచ్చిన వీరుడు

మొన్న రాజాం కుర్రాడొకడు తన సినిమా స్క్రిప్టు చదివి వినిపించాడు. ఇంటర్వెల్ దగ్గర హీరో ఓడిపోతాడు. వెనక నుంచి ఎవడో ఇనుప రాడ్డుతో తల మీద కొడతాడు, అంతే. "ఎదురుగా కొడితే ఎలివేషన్ పోతుందండీ" అన్నాడు. హీరో ఓడాలి, తప్పు మాత్రం అతనిది కాకూడదు. మన కమర్షియల్ సినిమాల్లో ఈ లెక్క బాగా పాతుకుపోయింది. కానీ ఆ కుర్రాడి ఊరు పేరు వినబడే పాత కథ ఈ లెక్కకు లొంగదు.

1757 జనవరి 24న విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటను పడగొట్టారు. రాజా రంగారావు నేలకొరిగాడు. శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లను, పిల్లలను లోపలివాళ్లే చంపుకున్నారు. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. కండబలానికి తక్కువవాడు కాదు, వేళకి లేడు. జంగాలు పాడే ఈ కథ విన్నవాళ్ల గుండె పట్టేసేది ఇక్కడే. ఆ తర్వాత అతను రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజును చంపడం, తనూ ప్రాణం విడవడం ఆ ఆలస్యం కడుపులోంచి పుట్టినవే.

గెలిచిన ఊరు కూడా ఓటమినే తలుచుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. విజయరామరాజు చెల్లెలు పైడితల్లి, అన్నకి రాబోయే ఆపద చెప్పాలని బయల్దేరిందని, అందలేక పెద్దచెరువులో ప్రాణం విడిచిందని విజయనగరంలో చెప్పుకుంటారు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి జాతరలో సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, కోట వైపు కదిలేటప్పుడు జనం దండం పెట్టేది ఆ చెల్లెలికే. ఆమె కూడా ఆలస్యమైన మనిషే.

1892లో ఇదే ఊళ్లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలోనూ గిరీశాన్ని వెనక నుంచి ఎవరూ కొట్టరు. పెళ్లిదాకా నడిపించుకొచ్చిన వ్యవహారం, తన అబద్ధాలు బయటపడేసరికి చేజారిపోతుంది. వీరుడికైనా మాటకారికైనా దెబ్బ తన లోపల నుంచే తగలాలని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు.

కుర్రాడితో ఇదంతా చెప్పాను. రాడ్డు సీను కొట్టేశాడు. ఇప్పుడు హీరో సన్మాన సభలో స్టేజీ మీద ఉంటాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది, తీయడు. దండ తీసేసి చూసుకుంటే చెల్లెలి నుంచి 8 మిస్డ్ కాల్స్. ఇంటర్వెల్ కార్డు అక్కడే వేస్తానన్నాడు.